హంతకుని నాట్యము



యుద్ధమును, రాజ్యభ్రంశమును, మరణమును, నగరపు ముట్టడిని రంగముపై ప్రత్యక్షముగా చూపరాదనియు, వానిని ప్రవేశకముల మూలమున తెలుపవలెననియు భరతముని నాట్యశాస్త్రమున నియమించెను. మన వీధిభాగవతులు ఈ నియమమును అంతగా పాటింపలేదు. హిరణ్యకశిపుని వధ లేనిచో ప్రహ్లాదచరిత్ర చూచినట్లే కాదని మన పల్లెలలో ననుకొందురు. అయితే వధను చూచుట వేఱు, వధించినవాని మనస్సును చూచుట వేఱు. ఆ రెండవదానిని నృత్యాభినయములచేత బయల్పఱచిన యొక చలనచిత్రమును గుఱించి నేడు మనవి చేసెదను. అది కల్పితకథ కాదు. జరిగినదానిని, చేసినవారి నోటనే చెప్పించు యథార్థచిత్రము; దానిని డాక్యుమెంటరీ యని వ్యవహరింతురు.

చిత్రము పేరు ‘ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్’. 2012వ సంవత్సరమున వెలువడినది. ఆ పేరులో శ్లేష కలదు: ‘యాక్ట్’ అనగా చేసిన పనియు నగును, అభినయమును నగును. తీసినవాడు జాషువా ఒపెన్‌హైమర్. జరిగిన స్థలము ఇండొనీషియా. రామాయణ భారతములను నేటికిని తోలుబొమ్మలతో ఆడుకొను జావా ద్వీపము ఆ దేశములోనిదే.

1965 సెప్టెంబరు 30వ తేది రాత్రి గడచి తెల్లవారులోగా జకార్తా నగరమున ఆరుగురు జనరళ్లును, ఒక లెఫ్టినెంటును హత్య గావింపబడిరి. లుబాంగ్ బుయాయా యను చోట పాడునూతిలో వారి శవములు దొరకినవి. సైన్యము ఆ నేరమును కమ్యూనిస్టు పార్టీపై మోపి, 1966 వఱకు దేశమంతట ఊచకోత నడిపించెను. చచ్చినవారు 5 లక్షలు మొదలు 10 లక్షల వఱకు నుందురని చరిత్రకారుల అంచనా. వారిలో రైతులు, తోటకూలీలు, బడిపంతుళ్లు ఎందఱో యుండిరి.

ఈ హింసకు ఆదినుండియు నాట్యముతో పొత్తు కలదు. గెర్వానీ యను స్త్రీల సంఘమువారు ఆ నూతియొద్ద నాట్యమాడుచు జనరళ్ల యవయవములను కోసిరని సైన్యపు పత్రికలు ప్రకటించెను. శవపరీక్ష చేసిన వైద్యుల నివేదికలో నట్టి గుర్తు లేదు. అయినను ఆ కల్పననే 1984లో చలనచిత్రముగా తీసి, 1998లో సుహార్తో పదవి వీడువఱకు ఏటేట సెప్టెంబరు 30న టెలివిజనులో చూపుచు వచ్చిరి. పసిపిల్లలను గూడ కూర్చుండబెట్టి చూపిరి. లుబాంగ్ బుయాయాలోని స్మారకశిల్పములందును ఆ నర్తకులు చెక్కబడి యున్నారు. ఎవరును ఆడని యాటను రాతిలోనికి ఎక్కించిరి!

ఒపెన్‌హైమర్ మొదట 2001లో ఉత్తర సుమత్రాలోని తాటినూనె తోటల కూలీలయొద్దకు పోయెను. చచ్చినవారి కుటుంబములు నోరు విప్పుటకు వెఱచెను; సైన్యము వారిని బెదరించెను. అప్పుడు వారే, చంపినవారిని అడుగుమని సలహా చెప్పిరి. హంతకులు ఏమాత్రము జంకలేదు సరికదా గర్వముతో చెప్పుకొనిరి. అట్లు చెప్పినవారిలో 41వ వాడు మెడాన్ నగరమందలి అన్వర్ కాంగో. యౌవనమున నతడు సినిమా టిక్కెట్లను దొంగతనముగా హెచ్చుధరకమ్ము రౌడీ.

అతడు దర్శకుని ఒక మేడమీదికి తోడ్కొనిపోయెను. అది తాను మనుష్యులను చంపిన చోటు. కొట్టి చంపినచో నెత్తురు మిక్కుటమగుచున్నదని తీగెతో మెడ బిగించు పద్ధతి నవలంబించితినని, మిత్రుని మెడకు తీగె చుట్టి చూపెను. సంగీతముతోను, నాట్యముతోను, మద్యముతోను, గంజాయితోను దానిని మఱచుటకు యత్నించితినని కూడ చెప్పెను. చెప్పి, ఆ గచ్చుమీదనే చా చా చా యను విదేశనృత్యపు అడుగులు వేసెను.

మన శాస్త్రకారులు నృత్తమని, నృత్యమని రెంటిని వేఱుచేసిరి. తాళలయలే ఆధారముగా నుండి భావము లేనిది నృత్తము; భావమును తెలుపునది నృత్యము. మేడమీది యాట శుద్ధనృత్తము. భావమును దరిజేరనీయకుండుటకే ఆ కాళ్లు కదలినవి. ఇది నా యభిప్రాయము.

తరువాత ఆ చిత్రమును అతనికే చూపిరి. అతడు పశ్చాత్తాపపడలేదు, ఆనాడు తెల్ల పంట్లాము తొడుగువాడను కానని, వేషము కుదరలేదని విచారించెను. దర్శకుడు దానినే ఆధారము చేసికొని, మీకిష్టమైన సినిమాల రీతిని మీ చేతలను మీరే ఆడి చూపుడనెను. వారాడిరి. ఒక ఘట్టమున జలపాతము ముందు స్త్రీలు నాట్యమాడుచుండ, చచ్చినవాడొకడు మెడనుండి తీగె తీసి, తన్ను స్వర్గమునకు పంపినందుకు కృతజ్ఞతగా అన్వర్ మెడలో పతకము వేయును!

పొరుగువాడొకడు తన మారుతండ్రిని చంపిన వృత్తాంతమును వీరియెదుటనే నవ్వుచు చెప్పెను. వానికి బాధితుని వేషమిచ్చిరి. వాడు ఆ వేషమున నిజముగా నేడ్చెను.

పిమ్మట అన్వర్ తానే బాధితుడై కూర్చుండెను. మెడకు తీగె తగులగానే చేతులు వడకెను, ఆట సాగలేదు. చంపబడినవారి బాధ నాకు తెలిసినదని అనగా, వారి బాధ ఇంతకంటె ఎంతో ఘోరమైనది, నీకిది సినిమా యని తెలియును, వారికి చావే యని తెలియునని దర్శకుడు బదులు పలికెను.

మఱల అదే మేడ. ఈసారి నాట్యము లేదు. మాటల నడుమ కడుపులోనుండి డోకు తన్నుకొని వచ్చెను, ఏమియు వెడలలేదు. వమనమును భరతుడు బీభత్సరసమునకు అనుభావములలో చేర్చెను. అదియు నటనయే యని శంకించినవారు లేకపోలేదు. నటనయే యగుగాక; పూర్వపు తెల్ల పంట్లాముతో దీనిని పోల్చి చూడుడు.

హంతకులకు రంగస్థల మీయదగునా యని పలువురు ఆక్షేపించిరి. ఆ యాక్షేపణ తేలికైనది కాదు. దర్శకుడు 2014లో ‘ది లుక్ ఆఫ్ సైలెన్స్’ అను రెండవ చిత్రమును తీసి, చంపబడినవాని తమ్ముని చేత హంతకులను ప్రశ్నింపజేసెను. ఆ తమ్ముడు కండ్లజోళ్లు అమర్చువాడు. వారి కండ్లను పరీక్షించుచునే అడుగును.

అన్వర్ కాంగో ఏ న్యాయస్థానమునను నిలువకయే 2019లో మరణించెను. 2023 జనవరిలో అధ్యక్షుడు జోకో విదోదో 1965-66 నాటి హింసకు విచారము తెలిపెను. మొదటి చిత్రము చివర పనిచేసినవారి పేర్లు వరుసగా వచ్చును. ఇండొనీషియావారి పేర్లుండవలసిన చోట్ల మాటిమాటికి ‘అజ్ఞాతుడు’ అనియే కనబడును.