మంచు పడ్డా... చేతినిండా పని!

ఇళ్ల గోడలు, పైకప్పులు, కిటికీ అద్దాలు కడిగి తళతళలాడించడం అమెరికా, కెనడాల్లో వేలమందికి బతుకుతెరువు. కాకపోతే చలి ఎక్కువుండే రాష్ట్రాల్లో అది ఏడెనిమిది నెలల ముచ్చటే. నవంబరు దాటితే నీళ్లు గడ్డకడతాయి. మరి మిగతా నెలలు ఇల్లు గడిచేదెలా? అక్కడి చిన్న వ్యాపారులు దీనికి రకరకాల జవాబులు వెతుక్కున్నారు. అవేంటో చూద్దామా!

మన దగ్గర ఇల్లంటే ఇటుకా సిమెంటూ. సంక్రాంతికి ముందు ఓసారి సున్నమో రంగో వేస్తే ఏడాది పొడుగునా బెంగలేదు. అక్కడ అలా కాదు. చాలా ఇళ్లకు చెక్క చట్రమే ఆధారం. దానిమీద వినైల్‌ పలకల తొడుగు, పైన తారు షింగిల్స్‌ కప్పు. నీడపట్టున ఉన్న గోడకు పచ్చగా నాచు పడుతుంది. కప్పుమీద నల్లటి చారలు తేలతాయి. పెరట్లోని చెక్క డెక్‌ సరేసరి. వీటన్నిటినీ కడగడానికే ఈ వ్యాపారం. ఓ ట్రక్కు, నీళ్ల ట్యాంకు, ప్రెషర్‌ వాషర్‌, రెండు నిచ్చెనలు, ఇద్దరు కుర్రాళ్లు ఉంటే చాలు, పని మొదలుపెట్టొచ్చు. ఏప్రిల్‌ నుంచి అక్టోబరు దాకా ఊపిరి సలపదు. ఆ తర్వాతే అసలు కష్టం.

నీళ్లే శత్రువైతే...

నీరు గడ్డకట్టేటప్పుడు దాదాపు 9 శాతం వ్యాకోచిస్తుంది. ప్రెషర్‌ వాషర్‌ పంపులో కాసిని నీళ్లు మిగిలిపోయినా చాలు, ఒక్క రాత్రిలో పంపు పగిలిపోతుంది. అద్దాలు కడిగేవాళ్లు వాడే నీటి శుద్ధి ఫిల్టర్లదీ అదే గతి. అందుకే చలి ముదరకముందే గొట్టాల్లో నీళ్లన్నీ తీసేసి, గడ్డకట్టని ద్రవాన్ని ఎక్కించి యంత్రాన్ని మూలన పెడతారు. పోనీ తెగించి కడిగినా... వాకిలి అద్దంలా గడ్డకడుతుంది. ఇంటావిడ జారిపడితే పరిహారం కట్టేదెవరు?

యంత్రం ఆగుతుంది కానీ ఖర్చులు ఆగవుగా! ట్రక్కు వాయిదా, బీమా, గోదాము అద్దె నెలనెలా కట్టాల్సిందే. అన్నిటికన్నా పెద్ద సమస్య మనుషులు. నిచ్చెన మీద నిలబడి నేర్పుగా పనిచేసే కుర్రాణ్ని తయారుచేయడానికి ఓ సీజను పడుతుంది. డిసెంబరులో ఇంటికి పంపేస్తే అతను వేరే పని చూసుకుంటాడు, మార్చిలో తిరిగొస్తాడన్న నమ్మకం లేదు. కెనడాలో అయితే అర్హత ఉన్న సీజనల్‌ కార్మికులకు ప్రభుత్వ ఉపాధి బీమా కింద సగటు ఆదాయంలో 55 శాతం దాకా, ఓ పరిమితికి లోబడి, భృతి వస్తుంది. సొంతంగా వ్యాపారం చేసుకునే యజమానికి పని లేదన్న కారణంతో ఆ భృతి రాదు. అందుకే చలికాలం పని ఆయనకు తప్పనిసరి.

నిచ్చెన ఉందిగా... దీపాలు కట్టు!

ఎక్కువమంది ముందుగా చూసేది క్రిస్మస్‌ దీపాల వైపే. కారణం సులువు. అవే నిచ్చెనలు, అవే ఇళ్లు, ఆ కప్పు ఏటవాలెంతో ముందే తెలుసు. క్రిస్మస్‌ చెట్టుకు తొలిసారి కరెంటు దీపాలు అలంకరించింది ఎడిసన్‌ సహచరుడు ఎడ్వర్డ్‌ జాన్సన్‌. 1882లో న్యూయార్క్‌లోని తన ఇంట్లో 80 రంగు బల్బులు వెలిగించాడు. ఆ సరదా ఇప్పుడు ఇంటి చూరు దాకా పాకింది.

చాలామంది వ్యాపారులు దీపాలను అమ్మరు, అద్దెకిస్తారు. ఇంటి కొలతకు తగ్గట్టు తీగ కత్తిరించి, మేకులు కొట్టకుండా క్లిప్పులతో బిగిస్తారు. మధ్యలో ఓ బల్బు పోతే వచ్చి మారుస్తారు. జనవరిలో విప్పి, పెట్టెలో సర్ది, పేరు రాసి దాచిపెడతారు. మరుసటి ఏడాదీ అదే ఇల్లు, అదే పెట్టె. అంటే ఒకసారి దొరికిన ఖాతాదారు చాలాకాలం చేజారడన్నమాట. అక్టోబరులో కట్టడం మొదలవుతుంది. నవంబరు నాలుగో గురువారం వచ్చే థ్యాంక్స్‌గివింగ్‌ నాటికి వీధులన్నీ వెలగాలి. తెలుగువాళ్లుండే పేటల్లో ఈ సీజను ఇంకాస్త ముందే మొదలవుతుంది. దీపావళికి కట్టిన దీపాలను కొత్త సంవత్సరం దాకా ఉంచేసే కుటుంబాలు ఎన్నో!

ఆకులు... అద్దాలు... వంటిళ్లు

ఆకురాలు కాలంలో చూరు కింద నీళ్లుపోయే గట్టర్లు ఎండుటాకులతో నిండిపోతాయి. మంచు పడకముందే వాటిని తీయకపోతే, కరిగిన నీరు దిగే దారిలేక ఇంకా బరువైన గడ్డగా మారుతుంది. ఆ బరువుకు గట్టరు ఊడిరావచ్చు. కాబట్టి నవంబరులో ఈ పనికి గిరాకీ గట్టిగా ఉంటుంది.

గోడలు కడగలేకపోయినా దుకాణాల అద్దాలు తుడవొచ్చు. నీళ్లలో కాస్త ఆల్కహాల్‌ కలిపితే సున్నా డిగ్రీల కన్నా దిగువన కూడా వెంటనే గడ్డకట్టవు. వారం వారం తుడిచే పది దుకాణాలు చేతిలో ఉంటే చలికాలంలో అదే జీతం. ఇళ్లల్లో లోపలి అద్దాలు, షాండ్లియర్లు, కిటికీ తెరలు ఎలాగూ ఉన్నాయి.

ఇంకొంచెం నేర్చుకునే ఓపికుంటే హోటళ్ల వంటిళ్లలో పొయ్యిమీది పొగగూళ్లు శుభ్రం చేయొచ్చు. వాటిలో పేరుకున్న జిడ్డుకు నిప్పంటుకుంటే హోటలే కాలిపోతుంది. ఎక్కువ వంట జరిగే చోట మూడు నెలలకోసారి, కట్టెలూ బొగ్గులతో వండే చోట నెలకోసారి తనిఖీ చేయించాలని అమెరికా అగ్నిప్రమాదాల నివారణ ప్రమాణాలు చెబుతున్నాయి. అంటే ఇది ఏడాది పొడుగునా ఉండే పని. రాత్రిళ్లు మేలుకోవాలి, శిక్షణ తీసుకోవాలి. ఆ రెంటికీ సిద్ధమైతే పోటీ తక్కువ.

మంచు... ఆదాయమా, జూదమా?

చలికాలం అనగానే ఎవరికైనా తట్టేది మంచు ఎత్తే పనే. ట్రక్కు ముందు బ్లేడు బిగిస్తే సరి! గిరాకీకీ లోటులేదు. న్యూయార్క్‌ నగరంలో పగటిపూట మంచు ఆగితే నాలుగు గంటల్లో కాలిబాట శుభ్రం చేయాల్సిన బాధ్యత ఆ స్థలం యజమానిదే.

చిక్కల్లా ఏంటంటే... మంచు మన మాట వినదు. న్యూయార్క్‌ సెంట్రల్‌ పార్కులో 2022 నుంచి 2024 జనవరి దాకా వరుసగా 701 రోజులు, ఏ ఒక్కరోజూ అంగుళం మంచు పడలేదు. 2023-24 చలికాలం అమెరికా ప్రధాన భూభాగంలో రికార్డుల్లోకెల్లా వెచ్చనిది. అదే 2022 డిసెంబరులో బఫెలోను ముంచేసిన తుపానులో ట్రక్కులే కూరుకుపోయాయి.

అందుకే ఒప్పందం రెండు రకాలుగా రాసుకుంటారు. మంచు పడినప్పుడల్లా ఇంత అన్నది ఒకటి. పడినా పడకపోయినా సీజనుకు ఇంత అన్నది రెండోది. మొదటిదాంట్లో మంచు పడకపోతే పస్తే. రెండోదాంట్లో విపరీతంగా పడితే నష్టం. తెలివైనవాళ్లు రెండూ కలిపి పెట్టుకుంటారు.

జారిపడ్డవాళ్లు వేసే దావాలు ఇంకో బెడద. సహజంగా పడిన మంచుకు స్థల యజమాని బాధ్యత లేదన్న పాత సూత్రాన్ని 2010లో మసాచుసెట్స్‌ సుప్రీం జ్యుడిషియల్‌ కోర్టు పక్కనపెట్టింది. గోడలు కడగడానికి తీసుకున్న బీమా మంచు పనికి వర్తించకపోవచ్చు. సంతకానికి ముందు కాగితం పూర్తిగా చదవాల్సిందే. చల్లే ఉప్పు సంగతీ తెలియాలి. మామూలు ఉప్పు మైనస్‌ 9 డిగ్రీల దాకానే బాగా పనిచేస్తుంది. చలి అంతకన్నా ముదిరితే కాల్షియం క్లోరైడ్‌ చల్లాలి.

వేసవిలోనే విత్తనం

ఇంతకీ ఈ పనులన్నీ వెతుక్కోవాల్సింది ఎప్పుడు? డిసెంబరులో కాదు, ఆగస్టులో! గోడ కడిగి డబ్బు తీసుకునేటప్పుడే ‘గట్టర్లు మేమే తీస్తాం, దీపాలూ మేమే కడతాం’ అని ఖాతాదారుకు చెప్పి తేదీ రాసుకుంటారు. కొందరు ఏడాది పనులన్నీ కలిపి ఒకే ధర కట్టి, పన్నెండు వాయిదాల్లో తీసుకుంటారు. ఖాతాదారుకు భారం తెలియదు, వ్యాపారికి జనవరిలోనూ డబ్బు అందుతుంది. వేసవి లాభంలో కొంత చలికాలం జీతాలకని విడిగా బ్యాంకులో వేసేవాళ్లూ ఉన్నారు.

అన్నీ ఒకేసారి తలకెత్తుకోకూడదన్నది మరో పాఠం. మంచు ట్రక్కుకి అప్పు చేసి, దీపాలకు పెట్టుబడి పెట్టి, వంటిళ్ల యంత్రాలు కొంటే వసంతం వచ్చేసరికి మిగిలేది బాకీలే. ఉన్న నిచ్చెనలతో, ఉన్న ఇళ్లలో చేయగలిగిన ఒక పనిని ఓ ఏడాది చేసి చూడటం మేలు.

వేసవిలో క్షణం తీరికలేక, వానాకాలంలో ఈగలు తోలుకునే మన ఏసీ మెకానిక్కులకూ, చినుకు పడితే పని ఆగిపోయే రంగులవాళ్లకూ ఇది తెలిసిన బాధే. ఏసీ మెకానిక్కు ఫ్రిజ్‌లూ వాషింగ్‌ మెషిన్లూ బాగుచేయడం నేర్చుకున్నా, రంగులాయన వానల్లో ఇంటి లోపలి గదుల పని ఒప్పుకున్నా ఆ కాసిని నెలలూ గడుస్తాయి. చేతికింది కుర్రాళ్లు చేజారకుండా ఉంటారు. సీజను మొదలైన రోజున వాళ్ల కోసం వెతుక్కునే పని తప్పుతుంది.