భుజమునకు భారము కాని సంచి

ఇంగ్లాండులో 1973వ సంవత్సరమున మార్టిన్ బిల్లింగ్‌హామ్ అను నాతడు, గాలము వేసి చేపలు పట్టుట వినోదముగా గలవారి కొఱకు గట్టి సంచులు కుట్టించి అమ్మ నారంభించెను. కొన్నేండ్లు గడచిన పిమ్మట ఆ సంచులలో చాలభాగము న్యూయార్కు నగరమున ఛాయాగ్రాహకుల భుజముల మీదికి చేరుచున్నదని యాతనికి తెలియవచ్చెను. నీటియొడ్డున నానినను లోని వస్తువును తడియనీయని సంచి, వానలో వీధులు తిరుగువానికిని అక్కఱకు వచ్చునని కొనువారే కనిపెట్టిరి. ఇంచుమించు ఆ దశకముననే అమెరికాలో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రికయందు ఛాయాగ్రాహకుడుగా నుండిన జిమ్ డోమ్కీ, అంగడిలో దొరకు పెట్టెలు తన పనికి కుదురక, మెత్తని కాన్వాసు సంచి నొకదానిని తానే రూపొందించుకొనగా, తోటి పత్రికల వారును అట్టిదే తమకును కావలెనని కోరుటచే నది యొక వ్యాపారముగా పెరిగినది.

ఈ రెండు సంచులును సుమారు అర్ధశతాబ్దముగా నిలిచియుండుటకు కారణము, వానిని మొదట పరీక్షించినది పనిచేయువారి భుజమును, పనిచేయువారి చేయియు నగుటయే. మన యెంపికకును ఆ రెండే ప్రమాణములు. ఉదయము తగిలించుకొన్న సంచి సాయంకాలము వఱకు భుజమును బాధింపకుండవలెను. కావలసిన క్షణమున కెమెరాను చేతికందింపవలెను. జేబులెన్ని, రంగేది, పేరేది యను ప్రశ్నలన్నియు వీని తరువాత వచ్చునవే.

మొదట భుజము మాట విచారింతము. పెండ్లిండ్లలో ఫోటోలు తీయువారి సరంజామాను ఒకమాఱు తూచి చూడుడు. ఫుల్‌ఫ్రేమ్ మిర్రర్‌లెస్ కెమెరా బ్యాటరీతో కలసి సుమారు 700 గ్రాములు, 24–70 లెన్సు 700 మొదలు 900 గ్రాముల వఱకు, ఎఫ్ 2.8 రకపు 70–200 లెన్సు ఒకటి నుండి ఒకటిన్నర కిలోలు. ఫ్లాషు సుమారు 400 గ్రాములు. అదనపు బ్యాటరీలు, ఛార్జరు, కార్డులు చేరునప్పటికి ఇది మూడు నాలుగు కిలోలగును. సంచి తన స్వంత బరువుగా మఱియొక కిలో చేర్చును, నీళ్ళసీసా వేఱు. ఇట్లు అయిదు కిలోలకు చేరిన భారము ఒక్క ప్రక్కన వ్రేలాడునప్పుడు, పట్టీ జాఱకుండుటకై మనము తెలియకయే ఆ భుజమును పైకెత్తి, ఒడలిని రెండవ వైపునకు వంచి నడచెదము. మెడనుండి భుజమునకు సాగిన కండరము గంటలకొలది బిగిసియుండుటచే ప్రొద్దుగ్రుంకు వేళకు మెడ పట్టివేయును. కావున ఖాళీ సంచి బరువెంతయో అడుగక కొనుట తగదు. మందమైన మెత్తలు చూచుటకు భద్రముగా దోచును గాని, వానిని దినమెల్ల మోయవలసినది మనమే.

పెద్దది కొన్నచో ఎప్పటికైనను పనికివచ్చునను ఊహ సహజమే. కాని సంచిలో చోటున్నంతవఱకు మనుష్యుని మనస్సు ఊరకుండదు. ఎన్నడును వాడని లెన్సొకటి, "ఏమో, అవసరపడవచ్చును" అను నెపముతో ఆ చోటిలోనికి ప్రవేశించును. సంచి కొలతను నిర్ణయించుట యనగా, ఇంటివద్ద దేనిని విడిచి పోవచ్చునో నిర్ణయించుకొనుటయే. ఊళ్ళు తిరుగుచు, ఉత్సవములు చూచుచు ఫోటోలు తీయువానికి లెన్సు బిగించిన కెమెరా యొకటి, వేఱొక లెన్సు, ఒక చిన్న ఫ్లాషు పట్టు సంచి సాధారణముగా చాలును. లెన్సు హుడ్డును త్రిప్పి బిగించి, లెన్సు ముఖము క్రిందికిని, పట్టు పైకిని ఉండునట్లు కెమెరాను నిలిపినప్పుడు మూత సుఖముగా పడినయెడల లోతు సరిపోయినట్లు. కొల్లేటియందును, నేలపట్టునందును పక్షులను చిత్రించుటకై 150–600 లెన్సుతో బయలుదేరువాని సంగతి వేఱు. ఆ లెన్సొక్కటియే రెండు కిలోలు తూగును. దానికి రెండు భుజములమీద భారమును పంచు వీపుసంచియే తగినది, ఒంటిపట్టీ సంచి కాదు.

సంచికి ప్రాణము పట్టీ. సన్నని పట్టీ బరువునంతయు ఒక గీత వెంబడి కేంద్రీకరించి చర్మమును కోయును. సుమారు 5 సెంటీమీటర్ల వెడల్పు గలది దానిని పఱచును. మిక్కిలి మెత్తనిదై సాగు పట్టీ నడచినప్పుడెల్ల సంచిని ఎగురవేయుచుండును గనుక, కొంచెము బిరుసుదనము గుణమే. డోమ్కీ సంచుల పట్టీ నేతలో రబ్బరు దారములను కలిపి నేయుటచే నది చొక్కామీద జాఱదు. అంతేగాక ఆ పట్టీ సంచి ప్రక్కలకు మాత్రమే కుట్టబడక అడుగునుండి చుట్టి వచ్చుటచే, బరువు కుట్లమీద పడక పట్టీమీదనే నిలుచును. ఏ సంచినైనను పరీక్షించునప్పుడు పట్టీ యెక్కడ మొదలై యెక్కడ ముగియుచున్నదో, అచ్చట కుట్లు ఎన్ని వరుసలున్నవో, కొక్కెములు లోహపువో ప్లాస్టిక్కువో చూడవలెను. తెగునప్పుడు సంచి తెగునది ఆ చోటులనే. పట్టీని ఎడమ భుజముమీదనుండి కుడి ప్రక్కకు అడ్డముగా వేసికొన్నయెడల భారము కొంత వీపునకును ఱొమ్మునకును పంచబడును. రద్దీలో ఎవరును లాగికొని పోజాలరు. సంచి తుంటి యెముక యెత్తున నిలువవలెను. అంతకు దిగినచో అడుగడుగునకు తొడను కొట్టుచుండును.

ఇక చేయి మాట. వంట నేర్చిన యిల్లాలు పోపులపెట్టెలో ఆవాలెక్కడ, జీలకఱ్ఱ యెక్కడ అని చూడకయే చేయి పెట్టినట్లు, ఛాయాగ్రాహకుడు కన్ను దృశ్యము మీదనే యుంచి సంచిలో చేయి పెట్టగలుగవలెను. మూత ఒడలి వైపునుండి బయటికి తెఱచుకొనునదైనచో లోపలి భాగమంతయు యజమానికే యెదురుగా నుండును. ఒడలి వైపునకు తెఱచుకొను మూత చేతికడ్డము వచ్చును. లోపలి అడ్డుగోడలను పీకి, మన వస్తువులకు తగినట్లు మార్చి అతికించుకొను వీలుండవలెను. ఒక లెన్సు మఱియొకదానిని ఒరయకుండుటయే వాని పని. లోపలి బట్ట నల్లనిదైనచో నల్లని లెన్సుమూత చీకటిలో కనబడదు గనుక, బూడిదరంగో పసుపురంగో మేలు. వెల్క్రో మూత త్వరగా పడును గాని, సంగీతసభలో ఆలాపన నడచుచుండగా దానిని చఱ్ఱున చించువానిని సభాసదులందఱును తిరిగి చూతురు. అట్టివారికి కొక్కెపు మూతగాని, వెల్క్రోను కప్పివేయు సదుపాయముగాని యవసరము.

మన వాతావరణము విధించు నియమములు కొన్ని కలవు. బిల్లింగ్‌హామ్ సంచుల బట్ట మూడు పొరలది. రెండు బట్టల నడుమ బ్యూటైల్ రబ్బరు పొర యుండుటచే నీరు లోని కింకదు. సాధారణముగా దొరకు నైలాను సంచులు చినుకులకు తాళును గాని, జడివానలో కుట్లగుండను, జిప్పులగుండను నీరు దిగును. కావున వానతొడుగు వెంట నుండవలెను. ఏసీ కల్యాణమండపమునుండి వర్షకాలపు ఉక్కలోనికి వచ్చినప్పుడు చల్లని లెన్సుమీద గాలిలోని తేమ పొరగా పట్టును. కెమెరాను మూసిన సంచిలోనే యుంచి, వెలుపలి వేడిమికి మెల్లగా అలవాటు పడనిచ్చినచో ఆ తేమ సంచి పైననే నిలిచిపోవును. అయితే ఇంటికి వచ్చిన తరువాత సామగ్రిని సంచిలోనే నిద్రపుచ్చుట ప్రమాదము. గాలిలో తేమ 60, 65 శాతమును మించి చాలదినములు నిలుచు విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్నము వంటి తీరపట్టణములలో, చెమ్మ పీల్చిన మెత్తల నడుమ చీకటిలో పడియున్న లెన్సునకు ఫంగస్ పట్టుట సులభము. సంచిని ఎండగాలికి ఆరనిచ్చి, లెన్సులను సిలికాజెల్ పొట్లములతో మూత బిగువైన డబ్బాలోగాని, తేమ నియంత్రించు పెట్టెలోగాని భద్రపఱుపవలెను.

విమానప్రయాణము చేయువారు ఇంకొక సంగతి గుర్తుంచుకొనవలెను. మన దేశీయ విమానములలో సామాన్య తరగతివారికి చేతిసంచి పరిమితి ప్రాయికముగా 7 కిలోలు. అదనపు లిథియం బ్యాటరీలను లగేజిలో పంపరాదు, తమవెంట చేతిసంచిలోనే యుంచుకొనవలెను, వాని కొసలు ఒకదానికొకటి తగులకుండ మూయవలెను. కెమెరా కంపెనీ పేరు పెద్ద యక్షరములలో గల సంచి, లోపలి విలువను రైల్వేస్టేషనంతటికిని చాటి చెప్పును. ఏ గుర్తును లేని సాదా సంచియే ప్రయాణమునకు క్షేమము.

తుదకు, సంచిని బొమ్మ చూచి కొనరాదు. మీ కెమెరాను, మీ లెన్సులను దుకాణమునకు తీసికొనిపోయి సంచిలో సర్దుడు. పట్టీని మీ యెత్తునకు సరిచేసి పావుగంటసేపు నడువుడు, మెట్లెక్కి దిగుడు, వంగి లేవుడు. వంగినప్పుడు సంచి ముందునకు జాఱి మోకాలికి తగిలినయెడల దానిని విడువుడు. కన్నులు మూసికొని కెమెరాను తీసి మరల పెట్టుడు. ఇట్టి పరీక్షకు ఒప్పుకొనని దుకాణదారుని విడిచి వేఱొకని యొద్దకు పోవుట మేలు. ఆన్‌లైనులో తెప్పించుకొనువారు వస్తువును తిరిగి యిచ్చుటకు గడువెంతయో ముందుగా తెలిసికొని, చీటీలు త్రెంపక, ఆ గడువు లోపలనే ఈ పరీక్షనంతటిని ఇంటివద్ద ముగింపవలెను.