బండి దగ్గితే బోరు పనేనా?

మిర్చి కోతలు మొదలయ్యాయంటే పల్నాడులో పికప్ బండికి ఊపిరి సలపదు. సాయంత్రం కల్లంలో టిక్కీలు ఎత్తుకోవాలి. తెల్లారేసరికి గుంటూరు యార్డులో దించాలి. సరిగ్గా అప్పుడే, ఎత్తు ఎక్కుతుండగా, బానెట్ కింద ఓ చప్పుడు మొదలవుతుంది. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఆడించినట్టు... టకటకటక! యాక్సిలరేటర్ మీద కాలు సడలిస్తే ఆగిపోతుంది. తొక్కితే మళ్లీ మొదలు. దానికి తోడు ఇంజిన్ పక్కలంతా ఆయిల్ చెమ్మ.

'మేస్త్రీ, బోరుకొచ్చిందంటావా?' నరసరావుపేట అయినా మాచర్ల అయినా షెడ్డుకొచ్చిన డ్రైవరు అడిగే మొదటి ప్రశ్న ఇదే. 'ఉండబ్బాయ్, ముందు మూత తీసి చూడనీ' అంటాడు చెయ్యి తిరిగిన మెకానిక్. చెయ్యి తిరగనివాడు మాత్రం చూడకుండానే 'దించాల్సిందే' అనేస్తాడు.

బోరు పని అంటే మాటలు కాదు. ఇంజిన్ దించాలి. సిలిండర్లను లేత్ షాపుకు పంపాలి. పిస్టన్లు, రింగులు, బేరింగులు కొత్తవి వేయాలి. అన్నాళ్లూ బండి షెడ్డులోనే. సీజను చూస్తే మూడు నాలుగు నెలలే. ఫైనాన్సు వాయిదా మాత్రం ఎవరి కోసమూ ఆగదు. ఇంతా చేశాక, తప్పు బొటనవేలంత వాల్వుదో, పగుళ్లిచ్చిన రబ్బరు గొట్టానిదో అని తేలితే?

ఇంజిన్‌కూ ఊపిరి కావాలి

ఎంత కొత్త ఇంజిన్ అయినా సరే, సిలిండర్‌లో మండిన వాయువు కొంత రింగుల సందుల్లోంచి కిందనున్న ఆయిల్ గదిలోకి జారుతూనే ఉంటుంది. దానికి దారి చూపించకపోతే లోపల ఒత్తిడి పెరిగి, సీళ్లను తోసుకుని ఆయిల్ బయటికొస్తుంది. పాతకాలంలో ఓ గొట్టం పెట్టి ఆ పొగను గాల్లోకి వదిలేసేవారు. దాంతో ఊళ్లు పొగచూరిపోతున్నాయని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం 1960ల మొదట్లో కట్టడి పెట్టింది. అలా ఆ పొగను తిరిగి ఇంజిన్‌లోకే పంపి మండించే ఏర్పాటు అందరికీ అలవాటైంది. పెట్రోలు బళ్లలో ఆ దారికి కాపలా కాసేదే పీసీవీ వాల్వు. లోపల ఓ చిన్న స్ప్రింగు, అటూ ఇటూ కదిలే ఓ ముక్క. అంతే!

మడ్డి పట్టి అది మూసుకుపోతే ఆయిల్ లీకులు. తెరుచుకుని ఉండిపోతే ఇంకో తంటా. లెక్కలో లేని గాలి దూరి ఐడిలింగ్ నిలవదు. గాలితో పాటు ఆయిల్ ఆవిరి కూడా ఎక్కువగా సిలిండర్‌లోకి పోతుంది. టకటకకు మూలం అక్కడే ఉండొచ్చు. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ప్లగ్గు నిప్పురవ్వ దగ్గర మొదలై వరసగా మండాలి. ఆయిల్ కలిస్తే దాని ఆక్టేన్, అంటే వేడిని ఓర్చుకునే గుణం తగ్గుతుంది. పైగా పిస్టన్ నెత్తిన మసి పేరుకుని ఉన్న చోటు ఇరుకవుతుంది. దాంతో మూలనున్న మిశ్రమం మంట తన దాకా రాకముందే భగ్గుమంటుంది. ఆ దెబ్బకు లోహం మోగుతుంది. పింగింగ్ అంటే అదే. పట్టించుకోకుండా నడిపితే పిస్టన్‌కు చిల్లు పడినా పడొచ్చు.

కాగితం ముక్క పరీక్ష

ఇంజిన్‌ను ఐడిలింగ్‌లో ఉంచి, ఆయిల్ పోసే మూత తీసి, ఆ నోటి మీద కాగితం ముక్క పెట్టాలి. మెల్లగా లోపలికి లాక్కుంటే ఊపిరి బాగానే ఆడుతున్నట్టు. ఎగరగొడితే దారి మూసుకుపోయినట్టు, లేదా రింగులు అరిగినట్టు. ఏదో తేలాలంటే వాల్వు ఊడదీసి చెవి దగ్గర ఆడించాలి. టిక్కుటిక్కుమనాలి. గొట్టానికి తగిలించి కొసన వేలు పెడితే లాగుతున్నట్టు తెలియాలి. గొట్టం మెత్తబడిందా, చీలిందా అన్నదీ చూడాలి. వాల్వు మార్చాక కూడా కాగితం ఎగిరిందా... అప్పుడు రింగుల్ని అనుమానించాలి. దానికీ గేజి ఉంది. కంప్రెషన్ చూసి, ప్లగ్గు రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. రీడింగు పెరిగితే రింగులు పోయినట్టే. పెరగకపోతే తప్పు హెడ్‌లోని వాల్వులదో, గాస్కెట్‌దో కావొచ్చు.

ఇక 2022లో జిల్లా అయిన పల్నాడుకు తనవైన చిక్కులు కొన్నున్నాయి. వేసవిలో రెంటచింతల ఎండ సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. ఇంజిన్‌లోకి పోయే గాలి ఎంత వేడెక్కితే టకటక అంత పెరుగుతుంది. పైగా ఇది సున్నపురాయి నేల. రేడియేటర్లో బోరు నీళ్లు పోస్తే లోపల సున్నం కట్టి, ఇంజిన్ చల్లబడదు. బోరు నీళ్లే చివరికి బోరు పనికి తెస్తాయన్నమాట! పెట్రోలునూ అందరూ తిడతారు గానీ, ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు ఈ టకటకను తట్టుకునే గుణం ఎక్కువే. కాకపోతే పాత బళ్ల రబ్బరు గొట్టాలకే అది అంతగా పడదు.

డీజిల్ లెక్క వేరు

ఈ రోడ్ల మీద పాత పికప్‌లు ఎక్కువగా డీజిల్‌వే. డీజిల్‌కు చప్పుడు పుట్టుకతోనే ఉంటుంది. అది ఎప్పుడు మారిందన్నదే కనిపెట్టాలి. పాత పంపు ఇంజిన్ అయితే నాజిల్ పైపుల నట్లను ఒక్కొక్కటే కాస్త వదులు చేస్తారు. ఏది వదిలితే చప్పుడు తగ్గుతుందో అనుమానం ఆ నాజిల్ మీదే. కామన్ రైల్ ఇంజిన్‌లో మాత్రం ఈ పని చేయనే కూడదు. అక్కడి డీజిల్ ఒత్తిడికి చర్మం చీలిపోతుంది.

పాత డీజిల్ ఇంజిన్లలో చాలావాటికి పీసీవీ వాల్వు ఉండదు, బ్రీదర్ పైపే. మూత తీయగానే గుప్పున పొగ కొడితే 'బ్యాక్ కంప్రెషన్' అని తేల్చేస్తారు. నిజమే కావొచ్చు. కానీ బ్రీదర్ పైపు పూడుకుపోయినా అలాగే కొడుతుంది. ఆ గొట్టాన్ని ఊదకుండా బోరు పని ఒప్పుకోవడం తొందరపాటే. ఎయిర్ ఫిల్టరూ చూడాలి. పిడుగురాళ్ల సున్నపు బట్టీల వైపు తిరిగే బండికి అది త్వరగా మూసుకుపోతుంది. గాలి చాలని ఇంజిన్ బ్రీదర్‌లోంచి ఆయిల్‌ను లాక్కుంటుంది. అది ముదిరితే తాళం తీసినా ఆగకుండా ఇంజిన్ తన ఆయిల్‌ను తానే తాగుతూ రంకెలేస్తుంది. అప్పుడు బ్రేకు నొక్కిపట్టి, టాప్ గేరేసి, క్లచ్ వదిలితే ఆగుతుంది.

మరమ్మతు అయ్యాక షెడ్డు ముందు రేజ్ చేసి, చప్పుడు లేదని డబ్బులిచ్చేస్తే సరిపోదు. ఖాళీ బండి టకటకమనదు. దోర్నాల దాటాక శ్రీశైలం ఘాట్ లాంటి ఎత్తు మీదనో, టిక్కీలు నింపుకుని ఊరి కట్ట ఎక్కేటప్పుడో మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, అద్దాలు దించి వినాలి.