మీసోథీలియోమా: ఏ చికిత్స ఎవరికి?

ఊపిరితిత్తులను కప్పి ఒక పలుచని పొర ఉంటుంది. ఆ పొరకు వచ్చే క్యాన్సరే మీసోథీలియోమా. దీనికి ముఖ్య కారణం ఆస్బెస్టాస్ ధూళి. సిమెంటు రేకుల ఫ్యాక్టరీల్లో, బాయిలర్ల దగ్గర, ఓడల మరమ్మతులో పనిచేసినవారికే కాక, ఆ దుమ్ము బట్టలు ఉతికిన ఇంటివారికీ ఇది రావచ్చు. ధూళి పీల్చిన 20 నుంచి 50 ఏళ్లకు గాని సాధారణంగా జబ్బు బయటపడదు. అందుకే పాత ఉద్యోగం సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

ఆయాసం, ఛాతీ నొప్పి, ఎక్స్‌రేలో నీరు చేరినట్టు కనిపించడం దీని లక్షణాలు. మన దేశంలో ఇలా నీరు చేరితే ముందు టీబీనే అనుమానిస్తారు. టీబీ మందులు వాడుతున్నా నీరు మళ్లీ మళ్లీ చేరుతుంటే, పొర నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీ చేయించాలి.

"జబ్బు తగ్గుతుందా డాక్టరుగారూ?" అని ఇంటివారు మమ్మల్ని అడుగుతారు. పూర్తిగా నయం కావడం అరుదు. అలాగని చేయగలిగింది ఏమీ లేదనడమూ నిజం కాదు.

నీరు తీయడం: ట్యూబు ద్వారా నీరు తీసేస్తే ఆయాసం తగ్గుతుంది. తర్వాత టాల్క్ పొడి లోపలికి పంపి పొరలు అతుక్కునేలా చేస్తే నీరు మళ్లీ చేరడం తగ్గుతుంది.

కీమోథెరపీ: సాధారణంగా పెమెట్రెక్సెడ్, సిస్‌ప్లాటిన్ కలిపి ఇస్తారు. 2003లో వెలువడిన అధ్యయనంలో సిస్‌ప్లాటిన్ మాత్రమే తీసుకున్నవారిలో సగంమంది 9 నెలలు దాటి జీవించగా, రెండు మందులూ తీసుకున్నవారిలో సగంమంది 12 నెలలు దాటారు. దీనితోపాటు ఇచ్చే ఫోలిక్ యాసిడ్ మాత్రలు, బి12 ఇంజెక్షన్లు మానకూడదు.

ఇమ్యునోథెరపీ: నివోలుమాబ్, ఇపిలిముమాబ్ మందులకు 2020లో అమెరికాలో అనుమతి లభించింది. కీమోతో 14 నెలలుగా ఉన్న ఈ లెక్క వీటితో 18 నెలలయింది. బయాప్సీలో ఎపిథీలియాయిడ్ కాని రకం అని తేలినవారికి మేలు మరింత ఎక్కువ. ఖర్చు మాత్రం చాలా ఎక్కువ.

ఆపరేషన్: కీమోతోపాటు పెద్ద ఆపరేషన్ కూడా చేయించుకున్నవారు, కీమో మాత్రమే తీసుకున్నవారికంటే ఎక్కువ కాలం జీవించలేదనీ, ఇబ్బందులు ఎక్కువ పడ్డారనీ బ్రిటన్‌లో జరిగిన పరిశీలన 2024లో తెలిపింది. కనుక ఇది అందరికీ తగినది కాదు.

నొప్పికి: రేడియేషన్, మార్ఫిన్ ఉపయోగపడతాయి. మార్ఫిన్ అంటే ఆఖరి ఘడియ వచ్చిందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. డాక్టరు చెప్పిన మోతాదులో వాడితే నొప్పితోపాటు ఆయాసమూ తగ్గవచ్చు. మలబద్ధకం రాకుండా మందు కూడా అడగండి.

తమ పనులు తాము చేసుకోగలిగేవారు కీమో, ఇమ్యునోథెరపీలను బాగా తట్టుకుంటారు. మంచం పట్టినవారికి బాధ తగ్గించే వైద్యమే మేలు. పొలం అమ్మే ముందు, అప్పు చేసే ముందు డాక్టరును మూడు మాటలు అడగండి: ఇది ఏ రకం? ఈ చికిత్సవల్ల కలిసివచ్చే రోజులు ఎన్ని, అవి ఎలా గడుస్తాయి? ఇది వద్దనుకుంటే ఇంకేం చేస్తారు? ఆ జవాబులు రోగికి దాచవద్దు. తన మిగిలిన రోజులు ఎలా గడపాలో ముందుగా చెప్పవలసింది రోగే.