పెట్రోమాక్స్ దీపాల పునరుద్ధరణ – వాషర్లకు తగిన పదార్థాల ఎంపిక

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ఎర్ర చల్క నేలల్లో ఆముదం, వేరుశనగ పైర్లకు ఎర్ర గొంగళి పురుగు చిరకాల శత్రువు. తొలకరి వానలు పడగానే నేలలోని కోశాల నుండి రెక్కల పురుగులు వెలువడి, రాత్రివేళ వెలుగుకు ఆకర్షితమవుతాయి. విద్యుత్తు లేని పొలాల్లో పెట్రోమాక్స్ దీపం దీపపు ఎరగా ఉపయోగపడేది. అటకలపై మిగిలిన అటువంటి దీపాలలో ఇత్తడి టాంకు సాధారణంగా చెక్కుచెదరదు. ముందుగా చెడేవి వాషర్లే.

వాటి స్థానంలో సైకిలు ట్యూబు ముక్కను కత్తిరించి అమర్చడం పొరపాటు. సహజ రబ్బరు, బ్యుటైల్ రబ్బరు రెండూ కిరోసిన్‌ను పీల్చి ఉబ్బి, మెత్తబడి పట్టు కోల్పోతాయి. ఒత్తిడితో చిమ్మిన కిరోసిన్ మంటకు తగిలితే ప్రమాదం తప్పదు. వేడిని తట్టుకొనే సిలికాన్ రబ్బరు సైతం కిరోసిన్‌లో ఉబ్బుతుంది. కావున ఇంధనం, ఉష్ణోగ్రత అనే రెండింటినీ దృష్టిలో ఉంచుకొని పదార్థాన్ని ఎంచుకోవాలి.

టాంకు మూతకు, పంపు అడుగున ఉండే వాల్వుకు నైట్రైల్ రబ్బరు తగినది. ఇది సుమారు 100 డిగ్రీల సెల్సియస్ వరకు నిలుస్తుంది. అంతకు మించి వేడెక్కే చోట సుమారు 200 డిగ్రీలు తట్టుకొనే వైటాన్ మేలు. ఆవిరి గొట్టం వద్ద లోహపు అతుకులకు మొదట సీసపు వాషర్ ఉన్నట్లయితే తిరిగి సీసమే వాడాలి. దాని ద్రవీభవన స్థానం 327 డిగ్రీలు. సీసాన్ని తాకిన చేతులను సబ్బుతో కడుక్కోవాలి.

పంపు కడ్డీకి తోలు వాషర్‌కు సాటి లేదు. ఎండిన తోలును ఆముదంలో నానబెట్టి, అంచులను వేళ్లతో విప్పితే గాలిని మళ్లీ పట్టి ఉంచుతుంది. ఆముదం కిరోసిన్‌లో సులభంగా కరగదు, త్వరగా ఆరిపోదు. ఈ జిల్లాల రైతు పండించే పంటే ఈ విధంగా అతని దీపానికి అక్కరకు వస్తుంది.

కొనుగోలు చేసిన రబ్బరు ఏ రకమో తెలియనప్పుడు, చిన్న ముక్క మందాన్ని కొలిచి, ఒక రోజు కిరోసిన్‌లో ఉంచి తిరిగి కొలవాలి. స్పష్టంగా ఉబ్బిన దానిని తిరస్కరించాలి. వాషర్లు అమర్చిన పిదప దీపం వెలిగించకుండానే గాలి కొట్టి, అతుకులన్నిటికీ సబ్బు నురుగు పూయాలి. బుడగలు వచ్చిన చోట లోపం ఉన్నట్లే. పంపు గొట్టంలోకి కిరోసిన్ ఎగదన్నితే వాల్వు రబ్బరును మార్చాలి.

ఈ పని వేసవిలోనే ముగియాలి. రెక్కల పురుగులు గుంపులుగా వెలువడేది తొలి వానల తరువాత కొద్ది రాత్రులు మాత్రమే. ఆ రాత్రులలో దీపం కారిపోతే, గుడ్లు పెట్టకముందే పురుగును పట్టే అవకాశం ఆ కారుకు చేజారినట్లే.