పర్యావరణహిత రూపకల్పన: ఇల్లు, బట్ట, వాడుక వస్తువు

ప్రవేశిక

ఈమధ్య ఏ దుకాణానికి వెళ్లినా 'పర్యావరణహితం' అనే ముద్ర కనిపిస్తూనే ఉంటుంది. వెదురు బ్రష్షు మీద, జనపనార సంచి మీద, చివరికి గోడకు వేసే రంగు డబ్బా మీద కూడా ఒక ఆకుపచ్చ ఆకు బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మను ఎంతవరకు నమ్మాలో మీరు సొంతంగా తేల్చుకోగలగాలి. ఈ పాఠం రాయడంలో నా ఉద్దేశం అదే.

ముందుగా ఒక అపోహ తొలగించుకుందాం. రూపకల్పన లేదా డిజైన్ అనగానే చాలామంది విద్యార్థులు వస్తువుకు చివర్లో అద్దే పైమెరుగు అనుకుంటారు. నిజానికి ఒక వస్తువును దేనితో చేయాలి, ఎలా చేయాలి, అది ఎన్నాళ్లు మన్నాలి, పాడైతే బాగుచేయడం వీలవుతుందా, పనికిరాకుండా పోయాక ఎక్కడికి చేరుతుంది అనే ప్రశ్నలకు ముందే జవాబు చెప్పడం రూపకల్పన. అందం కూడా ఈ జవాబులో భాగమే. కంటికి నచ్చని వస్తువు ఎంత పర్యావరణహితమైనదైనా కొన్నాళ్లకు అటక ఎక్కుతుంది. వాడని వస్తువు వల్ల పర్యావరణానికి ఒరిగేది ఏమీ లేదు.

వస్తువు జీవితమంతా చూడటం

ముడిపదార్థం తీసిన నాటి నుంచి పారవేసే నాటి వరకు వస్తువు ప్రభావాన్ని లెక్కకట్టే పద్ధతిని జీవితచక్ర అంచనా అంటారు. ఇది మన సహజ నమ్మకాలను కొన్నిసార్లు తలకిందులు చేస్తుంది. డెన్మార్క్ పర్యావరణ పరిరక్షణ సంస్థ 2018లో సంచులపై ఒక అధ్యయనం ప్రచురించింది. ఒక్క వాతావరణ మార్పునే లెక్కలోకి తీసుకున్నా, పలుచని ప్లాస్టిక్ సంచితో సమానం కావాలంటే మామూలు నూలు సంచిని కనీసం 52 సార్లు వాడాలని అది తేల్చింది. సేంద్రియ పత్తి సంచికైతే ఆ సంఖ్య 149. పత్తి పండించడానికి నీరు, నేల, ఎరువు, శ్రమ కావాలి కదా! ప్లాస్టిక్ సంచి మంచిదని దీని అర్థం కాదు. కాలువల్లో, పశువుల కడుపుల్లో పేరుకునే చెత్త ఆ లెక్కలోకి రాలేదు. అయితే పెళ్లిలో ఒకటి, సభలో ఒకటి, ప్రారంభోత్సవంలో ఒకటి అంటూ ఇంటికి చేరిన పది నూలు సంచులు బీరువాలో మడత పెట్టి ఉంటే మాత్రం అది పర్యావరణసేవ కాదు. ఉన్న ఒక్కదాన్ని చిరిగేదాకా మోయడమే అసలు పని.

ఇల్లు

ఇంటి విషయం కొంచెం వివరంగా చెబుతాను. ఇందులో నేను స్వయంగా దెబ్బతిన్నాను.

హైదరాబాద్‌లో ఇల్లు కట్టుకున్నప్పుడు ముందు గదికి పడమటివైపు గోడ పొడవునా అద్దం పెట్టించాను. పత్రికల్లో అలాంటి ఇళ్ల ఫొటోలు చూసి ముచ్చటపడ్డాను. గృహప్రవేశం జనవరిలో అయింది, అందరూ మెచ్చుకున్నారు. మార్చి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటితే ఆ గదిలో కూర్చోవడం కష్టమైంది. దళసరి కర్టెన్లు కట్టాం, తర్వాత ఏసీ పెట్టాం. కరెంటు బిల్లు పెరిగింది తప్ప గది చల్లబడలేదు.

కారణం పాఠశాల భౌతికశాస్త్రంలోనే ఉంది. ఎండలోని కాంతి అద్దం గుండా లోపలికి వచ్చి నేలను, సామాన్లను వేడెక్కిస్తుంది. అవి తిరిగి వెదజల్లే వేడి దీర్ఘతరంగాల రూపంలో ఉంటుంది. అద్దం దాన్ని బయటికి సులభంగా పోనివ్వదు. కర్టెన్ లోపల ఉంటుంది కాబట్టి అప్పటికే గదిలోకి వచ్చేసిన వేడిని అది ఆపలేదు. ఇక దిక్కు సంగతి. దక్షిణం కిటికీ మీద పడే మధ్యాహ్నపు ఎండ పైనుంచి వస్తుంది, అడుగున్నర సన్‌షేడ్ దానికి చాలావరకు అడ్డుపడుతుంది. పడమటి ఎండ ఏటవాలుగా, దాదాపు అడ్డంగా వస్తుంది. ఎంత పెద్ద సన్‌షేడ్ కట్టినా దాని కిందినుంచి దూరిపోతుంది. చివరికి మా ఇంటికి అద్దం బయట వేలాడదీసిన వెదురు తడక, దాని ముందు నాటిన కానుగ చెట్టు ఊరటనిచ్చాయి. తడక ఖర్చు ఏసీ ఖర్చులో పదోవంతు కూడా కాలేదు. ఇల్లు గీయించేటప్పుడే సూర్యుడి దారి చూసుకుని ఉంటే ఆ ఖర్చూ తప్పేది.

ఈ పాఠాన్ని మనకు బాగా నేర్పినవాడు లారీ బేకర్. 1917లో ఇంగ్లండ్‌లో పుట్టి, భారతదేశానికి వచ్చి, ఇక్కడి పౌరుడై, 2007లో తిరువనంతపురంలో కన్నుమూశాడు. ఇంటికి ఐదు మైళ్ల లోపల దొరికే సరుకుతోనే కట్టాలని గాంధీజీ తనకు సూచించినట్లు ఆయన చెప్పుకునేవాడు. తిరువనంతపురంలోని అభివృద్ధి అధ్యయన కేంద్రం భవనాలు ఆయన పనికి మంచి ఉదాహరణ. ఇటుకల మధ్య ఖాళీలు వదిలి కట్టిన జాలీ గోడల్లోంచి అక్కడ గాలి ఆడుతుంది, వెలుతురు పడుతుంది. గోడకు పూత ఉండదు. ఆ ఇటుకల వరసే దానికి అలంకారం.

బేకర్ ప్రచారం చేసిన ఒక పద్ధతిని పటం గీసుకుంటూ చదవండి. మామూలుగా ఇటుకను పడుకోబెట్టి కడతారు. 'ఎలుకబోను' కట్టుబడిలో ఇటుకను అంచు మీద నిలబెడతారు. 3 అంగుళాల మందం గల ఇటుకలు రెండు సమాంతర వరసల్లో నిలబడితే, 9 అంగుళాల గోడలో మధ్యన 3 అంగుళాల ఖాళీ మిగులుతుంది. అక్కడక్కడా అడ్డంగా పెట్టిన ఇటుకలు రెండు వరసలను కలిపి పట్టుకుంటాయి. దీనివల్ల ఇటుకలు సుమారు 25 శాతం ఆదా అవుతాయి, సిమెంటు కూడా తగ్గుతుంది. ఇటుక అంటే కాలిన పైమట్టి, దాన్ని కాల్చిన బొగ్గు. ఇక సిమెంటు తయారీ ప్రపంచ కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాల్లో సుమారు 7-8 శాతానికి కారణం. కాబట్టి వాడని ప్రతి ఇటుకా పర్యావరణానికి మిగులే. గోడ మధ్యలో బంధించిన గాలికి ఉష్ణవాహకత తక్కువ, అందువల్ల ఎండ వేడి ఆలస్యంగా లోపలికి వస్తుంది.

ఇబ్బందులూ చెప్పాలి. మూలల దగ్గర, తలుపులు, కిటికీల అంచుల దగ్గర ఖాళీ వదలకుండా నిండుగా కట్టాలి. కరెంటు పైపులు ఎక్కడ పోతాయో ముందే తేల్చుకోవాలి, తర్వాత గోడ చెక్కితే బలం పోతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఈ పని తెలిసిన తాపీమేస్త్రి దొరకాలి. దొరకకపోతే, ఆదా చేద్దామనుకున్న డబ్బు గోడ కూల్చి మళ్లీ కట్టడానికి పోతుంది.

మండువా ఇళ్లను తలచుకుని నిట్టూర్చే వ్యాసాలు మీరు చదివే ఉంటారు. ఆ నిట్టూర్పు నాకు అంతగా నచ్చదు. నూట యాభై గజాల స్థలంలో మండువా ఎక్కడ పెడతాం? ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్లు కూడా అంతే. గుండ్రని మట్టిగోడ తుఫాను గాలిని పక్కలకు మళ్లిస్తుంది, నిజమే. కానీ తాటాకు కప్పు నిప్పుకు భయపడుతుంది, కొన్నేళ్లకొకసారి మార్చాలి. మనం తీసుకోవలసింది రూపం కాదు, సూత్రం. వేడిగాలి పైకి పోవడానికి ఒక దారి, ఎదురెదురుగా రెండు కిటికీలు, ఎండ పడే గోడకు బయటినుంచి నీడ, నేలకు దగ్గర్లో దొరికే తాండూరు లేదా బేతంచర్ల నాపరాయి. ఇవి చిన్న ఇంటికీ సాధ్యమే. డాబా మీద తెల్ల సున్నమో, తెల్ల పెంకులో వేస్తే ఎండలో చాలా భాగం తిరిగి వెనక్కి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రత్యేకంగా చల్లని పైకప్పుల విధానమే తెచ్చింది. అద్దెకు ఉండేవారు కూడా యజమానిని ఒప్పించి చేయించుకోగల పని ఇది.

బట్ట

సహజ రంగుల గురించి మాట్లాడేటప్పుడు శ్రీకాళహస్తి కలంకారీ కంటే మంచి ఉదాహరణ లేదు. అక్కడ నూలు గుడ్డను ముందుగా కరక్కాయ, గేదెపాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరబెడతారు. కరక్కాయలోని టానిన్ రంగు పట్టడానికి పునాది వేస్తుంది. పాలలోని కొవ్వు గీత చెదరకుండా, రంగు పాకకుండా ఆపుతుంది. బెల్లపు నీళ్లలో ఇనుప ముక్కలు వేసి రోజుల తరబడి పులియబెట్టిన ద్రవంతో, వెదురు కలం పట్టుకుని గీత గీస్తారు. ఆ ద్రవంలోని ఇనుము గుడ్డలోని టానిన్‌తో కలవగానే గీత నల్లబడుతుంది. మన పూర్వులు రాతసిరా చేసుకున్నదీ ఇలాంటి రసాయన చర్యతోనే.

ఎరుపు ఇంకా ఆసక్తికరం. ఎర్రగా కావలసిన చోట కలంతో పటిక నీళ్లు మాత్రమే రాస్తారు. తర్వాత గుడ్డను చిరివేరు వంటి వేళ్లు వేసి మరిగిస్తారు. పటిక ఉన్న చోటే ఎరుపు నిలుస్తుంది, మిగతా చోట్ల రంగు కడుగుడుకు పోతుంది. రంగును పోగుకు కట్టిపడేసే పటికలాంటి పదార్థాన్ని రంగుబంధకం అంటారు. ప్రతి దశ తర్వాత పారే నీటిలో ఉతకాలి. స్వర్ణముఖి నది ఆ ఊరికి అందుకే ప్రాణాధారం. నది ఎండితే కళ ఎండినట్లే. ఈ మాట నేను అలంకారంగా అనడం లేదు. నిలవ నీటిలో విడిపోయిన రంగు మళ్లీ గుడ్డకే అంటుకుని మచ్చలు పడతాయి.

ఇక్కడ మీరు జాగ్రత్తగా ఆలోచించాలి. వేరులో ఎరుపునిచ్చే అలిజరిన్‌ను జర్మన్ రసాయనవేత్తలు 1860ల చివర్లో ప్రయోగశాలలో తయారుచేశారు. కృత్రిమ నీలిమందు 1897లో బజారుకు వచ్చింది. ప్రయోగశాల అలిజరిన్‌కూ వేరులోని అలిజరిన్‌కూ అణువులో తేడా లేదు. అచ్చులతో అద్దే మచిలీపట్నం, పెడన కలంకారీలో కృత్రిమ అలిజరిన్ వాడకం కూడా ఉంది. కనుక 'సహజం' అన్న ఒక్క మాటతో తీర్పు చెప్పకూడదు. ఏ బంధకం వాడారు, రంగునీళ్లు ఎక్కడికి పోయాయి, మరిగించడానికి ఏ కట్టె కాల్చారు, చేసినవారికి ఎంత ముట్టింది అని అడగాలి. పటిక, ఇనుము అంత ప్రమాదకరం కావు. అదే క్రోమియం లవణాలు బంధకంగా వాడితే, రంగు ఆకునుంచి తీసినదైనా వ్యర్థజలం విషమే.

అసలు నష్టం మరోచోట జరుగుతోంది. పాలియెస్టర్ గుడ్డ మీద యంత్రం ముద్రించిన కలంకారీ బొమ్మలను కలంకారీ పేరుతోనే అమ్ముతున్నారు. ఉతికినప్పుడల్లా ఆ గుడ్డ నుంచి సూక్ష్మ ప్లాస్టిక్ పోగులు నీటిలోకి చేరతాయి. కలం పట్టినవాడి ధర పడిపోతుంది. చేతితో గీసినదాన్ని గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. ఒకే నెమలి రెండుచోట్ల ఉంటే రెండూ అచ్చు ఒకేలా ఉండవు. కొత్త గుడ్డకు కరక్కాయ, పాల వాసన కొద్దిగా ఉంటుంది.

శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీ గురించి ఒక్క మాట. అక్కడ పత్తిని శుభ్రం చేసి పోగులు సరిచేయడానికి వాలుగ చేప దవడ ఎముకను దువ్వెనలా వాడతారు. చేతిలో ఇమిడే, కరెంటు అక్కరలేని, పారేస్తే మట్టిలో కలిసిపోయే పనిముట్టు అది. రూపకల్పన విద్యార్థికి ఒక తరగతి పాఠమంత విలువైనది.

వాడుక వస్తువు

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ రంగు లక్కను ఆనిస్తారు. ఒరిపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది, వేరే పొయ్యి అక్కరలేదు. ఒకప్పుడు ఇక్కడికీ రసాయన రంగులు వచ్చాయి. పిల్లలు బొమ్మను నోట్లో పెట్టుకుంటారు కాబట్టి రంగుల్లో సీసం లాంటివి ఉంటే ప్రమాదం. సి.వి. రాజు విత్తనాలు, బెరళ్లు, వేళ్ల నుంచి రంగులు తీసే పద్ధతులను అక్కడ తిరిగి నిలబెట్టారు. ఆయనకు 2023లో పద్మశ్రీ ప్రకటించారు.

కానీ రంగు సమస్య తీరితే కర్ర సమస్య మిగిలింది. చుట్టుపక్కల అంకుడు చెట్టు అరుదవుతోంది. కొమ్మలు నరికినా చెట్టు మళ్లీ చిగురిస్తుంది, కానీ నరికే వేగం చిగురించే వేగాన్ని మించకూడదు. మీరు ఆ బొమ్మ కొంటే కళాకారుడికి మేలు, వాళ్లు చెట్లు నాటకపోతే అడవికి కీడు. ఈ రెండూ ఒకేసారి నిజం. పర్యావరణహిత వస్తువుకు గిరాకీ పెరగడం కూడా ఒక్కోసారి పర్యావరణానికి భారమే.

తప్పుదోవ పట్టించే పర్యావరణ ప్రకటనలపై కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆధారం చూపకుండా 'ఆకుపచ్చ', 'సహజ', 'పర్యావరణహిత' వంటి మాటలు వాడకూడదని వాటి సారాంశం. అంటే ఆధారం అడిగే హక్కు మీకుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మీరు ఉంటున్న ఇంటి నమూనా గీసి, సాయంత్రం నాలుగు గంటలకు ఎండ ఏ గదిలో, నేల మీద ఎంతదూరం పడుతుందో వారం రోజులు గుర్తుపెట్టండి. దానికి లోపలి కర్టెన్ కాకుండా మరే మార్గం ఉందో రాయండి.

2. మీ బీరువాలో అన్నిటికంటే పాత బట్ట ఏది? అది ఇన్నాళ్లు మీ దగ్గర ఎందుకు నిలిచింది? దాని నేత, రంగు, కుట్టు, మీకున్న ఇష్టం, వీటిలో ఏది ప్రధాన కారణమో పది వాక్యాల్లో వివరించండి. రాసేముందు ఇంట్లో పెద్దవారిని కూడా ఇదే ప్రశ్న అడగండి. వారి జవాబు మీ జవాబు కంటే పొడవుగా ఉంటుందని నా అనుభవం.