ఫోన్‌లో నీటి చుక్క చేసే చాకిరీ

మే నెల మధ్యాహ్నం హైదరాబాద్‌లోని రాయదుర్గం మెట్రో స్టేషన్ బయట నిలబడితే, నడుస్తూనే టీమ్ మీటింగ్‌లో ఉన్నవాళ్లు నలుగురైనా కనిపిస్తారు. పది నిమిషాలయ్యేసరికి స్క్రీన్ వెలుతురు దానంతటదే తగ్గుతుంది. అవతలివాళ్ల ముఖాలు గళ్లు గళ్లుగా చెదురుతాయి. ఫోన్ వీపు పెనంలా కాలుతుంది. ఫోన్ పాడైందని చాలామంది కంగారుపడతారు గానీ, అది బుద్ధిగా పనిచేసేది సరిగ్గా అప్పుడే.

గంటల తరబడి పాటలు విన్నా చల్లగా ఉండే ఫోన్‌కు వీడియో కాల్‌తోనే ఎందుకీ జ్వరం? పాటకు ఒక చిన్న మూల మేలుకుంటే చాలు. వీడియో కాల్‌లో ఇంటిల్లిపాదీ పనిలోకి దిగాలి. 1280 అడ్డం, 720 నిలువు చుక్కల బొమ్మను సెకనుకు 30 సార్లు తీస్తే 2 కోట్ల 76 లక్షల చుక్కలు. వాటిని కుదించి పంపాలి, అవతలి నుంచి వచ్చేవాటిని విప్పాలి, స్క్రీన్ వెలిగించాలి, ప్రతిధ్వనిని చెరిపేయాలి. వెనకున్న బట్టల దండెం కనబడకుండా నకిలీ సముద్రతీరం పెట్టుకున్నారంటే, ప్రతి ఫ్రేములోనూ జుట్టు ఎక్కడ ముగిసిందో, గోడ ఎక్కడ మొదలైందో తేల్చే లెక్క అదనం. అన్నీ కలిసి 3, 4 వాట్ల దాకా పోతాయి. అందులో దాదాపు అంతా చివరికి వేడే.

సైబరాబాద్‌లో దీనికో తమాషా తోడైంది. అద్దాల మేడలకు వాడే కిటికీ గాజు మీద ఎండ వేడిని ఆపే సన్నని లోహపు పూత ఉంటుంది. అది ఫోన్ సిగ్నల్‌కూ అడ్డుపడుతుంది. లోపల విడిగా యాంటెనాలు పెట్టిన చోట ఇబ్బంది లేదు. లేనిచోట, లిఫ్టుల్లో, సెల్లార్ పార్కింగుల్లో, టవర్‌కు వినబడాలని ఫోన్ గొంతు చించుకోవాల్సిందే. మామూలుగా దాని గరిష్ఠ ప్రసార శక్తి వాట్‌లో ఐదో వంతే అయినా, ఆ కాస్త బయటికి పంపడానికి ఆంప్లిఫయర్ అంతకు కొన్ని రెట్లు మింగి, మిగతాది వేడిగా వదులుతుంది. భవనాన్ని చల్లబరిచే పూత జేబులో ఫోన్‌ను కాలుస్తుందన్నమాట.

ఇప్పుడు అసలు అందమైన భాగం. చిప్ గోరంత. వేడిలో చాలావరకు అక్కడే పుడుతుంది. దాన్ని ఫోన్ వీపంతా పరవాలి, ఫ్యాన్ లేకుండా, చప్పుడు లేకుండా. ఖరీదైన ఫోన్లలో ఆ పని చేసేది వేపర్ చాంబర్, అంటే ఆవిరి గది. మందం అర మిల్లీమీటరు కూడా ఉండని బోలు లోహపు రేకు. గాలి లాగేసి, కాస్తంత నీరు పోసి మూసేస్తారు. లోపల పీడనం అంత తక్కువ కాబట్టి నీరు 45 డిగ్రీలకే మరుగుతుంది. చిప్ మీదుండే నీరు ఆవిరై, వేడిని మోసుకుని చల్లని అంచుకు పరుగెత్తి, అక్కడ మళ్లీ నీరవుతుంది. అన్నం గిన్నె మూత కింద పట్టే చెమ్మ ఇదే. మూత చెమ్మ బరువుకు కిందికి జారుతుంది. ఫోన్‌ను ఎలా పట్టుకుంటామో ఎవరికి తెలుసు? అందుకే లోపలి గోడకు రాగి పొడితోనో జాలీతోనో ఒక పొర అతికిస్తారు. దీపం ఒత్తి నూనెను పైకి పీల్చినట్టే, ఆ పొర నీటిని తిరిగి చిప్ దగ్గరికి లాక్కొస్తుంది. తలకిందులుగా పట్టుకున్నా సరే.

ఎంత నీరు కావాలి? గుప్తోష్ణం, అంటే ఆవిరయ్యేందుకు నీరు మింగే వేడి, పుణ్యమా అని ఒక్క చుక్క ఆవిరైతే దాదాపు 120 జౌళ్లు తీసుకెళ్తుంది. 4 వాట్ల వేడికి అది అర నిమిషం సరిపోతుంది. తర్వాత అదే చుక్క వెనక్కి వచ్చి మళ్లీ ఎత్తుకుంటుంది. మోటారు లేదు, కరెంటు లేదు. మోసే వేడే దాన్ని నడిపే ఇంధనం.

ఈ ఉపాయం ఫోన్ల కోసం పుట్టలేదు. ఒత్తి ఉన్న ఇలాంటి గొట్టానికి జనరల్ మోటార్స్‌లో రిచర్డ్ గాగ్లర్ 1942లో పేటెంట్ దరఖాస్తు పెట్టాడు, రిఫ్రిజిరేటర్ల కోసం. ఎవరూ పట్టించుకోలేదు. 1963లో లాస్ అలమోస్‌లో జార్జ్ గ్రోవర్, అంతరిక్షంలో అణుశక్తి వాడకం కోసం తంటాలు పడుతూ, గాగ్లర్ సంగతి తెలియకుండానే మళ్లీ కనిపెట్టి ‘హీట్ పైప్’ అని పేరు పెట్టాడు. పేరు పెట్టినవాడికే ఖ్యాతి దక్కడం గాగ్లర్‌కు కాస్త అన్యాయమే. ఆ తర్వాత ఇది ఉపగ్రహాలెక్కింది. అలాస్కా చమురు పైపులైను కింద మంచునేల కరగకుండా లక్షకు పైగా గొట్టాలుగా నిలబడింది. ల్యాప్‌టాప్‌లలో దూరింది. 2013లో జపాన్ కంపెనీ ఎన్‌ఈసీ ఫోన్‌లోకి వచ్చింది.

అయితే ఆవిరి గది వేడిని పరుస్తుందే తప్ప పారేయలేదు. పారేయాల్సింది చుట్టూ ఉన్న గాలిలోకి. ఫోన్ రెండు ముఖాల వైశాల్యం లెక్కేస్తే, గాలికీ ఫోన్‌కూ మధ్య ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు పావు వాట్ బయటికి పోతుంది. 24 డిగ్రీల ఆఫీసులో ఫోన్ వీపు 42 డిగ్రీలుంటే 4 వాట్లకు పైనే వదిలించుకోగలదు. అదే ఫోన్ 40 డిగ్రీల రోడ్డు మీద? అర వాట్. పైగా నడినెత్తి ఎండ ఒక ముఖం మీదే 10 వాట్లకు మించి కుమ్మరిస్తుంది. అందులో సగం పీల్చుకున్నా సొంత వేడికంటే అదే ఎక్కువ.

అప్పుడిక మిగిలింది పని తగ్గించడమే. లోపలి చిన్న థర్మిస్టర్లు వేడి పెరిగిందని చెప్పగానే, సాఫ్ట్‌వేర్ ప్రాసెసర్ వేగాన్నీ వోల్టేజీనీ దించుతుంది. ఖర్చయ్యే శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి కొద్దిగా దించినా లాభం బాగానే ఉంటుంది. స్నాప్‌డ్రాగన్ చిప్‌లు చేసే క్వాల్‌కమ్‌కు హైదరాబాద్‌లోనే పెద్ద కేంద్రం ఉంది. మెట్రో మెట్ల మీద మసకబారిన ఫోన్లలో ఆ కంపెనీ చిప్‌లూ ఉండే ఉంటాయి.

కాబట్టి ముందు నీడ, తర్వాత వై-ఫై. నకిలీ సముద్రతీరం తీసేయడం, వెలుతురు తగ్గించడం, మందపాటి కవరు విప్పడం సులువైన పనులు. కాల్ నడుస్తుండగా ఛార్జింగ్ పెడితే బ్యాటరీ వేడి కూడా జతవుతుంది. అది మానాలి. ఫ్రిజ్‌లో పెట్టడం మాత్రం వద్దు. బయటికి తీయగానే లోపల చెమ్మ పడుతుంది. టేబుల్ ఫ్యాన్ చాలు. మాదాపూర్ క్యాబ్ డ్రైవర్లలో కొందరు ఇంకా తేలిక దారి పట్టారు. ఫోన్ హోల్డర్‌ను సరిగ్గా ఏసీ గాలి వచ్చే చోటే బిగించుకుంటారు.